ఎండలో నిలిపిన బండి

"పానా ఇటియ్యి జైనబ్."

"ఇయ్య."

"ఇయ్యవా?"

"మీ చెల్లె చేతులు తీసినంక ఇస్త."

పొద్దుటి చాయ్ ఇంకా కాలేదు. వనపర్తిలో బాబు మియా ఇంటి వాకిట్లో అప్పుడే రెండో విడత పోట్లాట నడుస్తోంది. కొడుకు జుబేర్ స్టూలెక్కి, కారు టాపు మీది సోలార్ ప్లేటుకున్న బోల్టు ఒకటి వదులు కూడా చేశాడు. రెండోదానికి పెద్ద పానా కావాలి. అది అతని భార్య జైనబ్ దుపట్టా చాటున ఉంది. చెల్లెలు సమీనా ఆ ప్లేటు మీద రెండు చేతులూ ఆనించి, ఎవరి వంకా చూడకుండా నిలబడింది.

బాబు మియా నులక మంచం మీద కూర్చొని అంతా చూస్తున్నాడు. వనపర్తి నుంచి అమరచింతకు జీపు తోలినన్నాళ్ళూ దారి పొడుగునా నోరు మూయని మనిషి, ఇంట్లో పిల్లలు కొట్లాడితే మాత్రం గోడ అయిపోతాడు.

"నెల గడువు నిన్నటితోని అయిపోయింది," అన్నాడు జుబేర్. "మాట మీద నిలబడాలె సమీనా. గోడకున్న ప్లగ్గు ముట్టకుండ, ఎండతోని ఎక్కిన ఛార్జింగే నీ రౌండ్లకు సరిపోతె గద్వాలకు పొమ్మన్న. సరిపోయిందా?"

"సరిపోలె."

"మరి ఇంకేంది?"

"ఎందుకు సరిపోలేదో సమజ్ అయితలేదు భాయ్. అది తెలిస్తె నేనే విప్పిస్త."

"తెల్సేదేముంది? గంత ప్లేటు, ఇంత బండి. నేను మొదలే చెప్పిన. హైదరాబాదుల ఎవడో అంటగట్టిండు, నువ్వు తెచ్చి నెత్తిన పెట్టినవ్."

అది సగం కరెంటు, సగం పెట్రోలు బండి. గోడ ప్లగ్గుకు పెడితే ఊళ్ళో తిరిగేంత ఛార్జింగు ఎక్కుతుంది. అది అయిపోతే పెట్రోలు అందుకుంటుంది. పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పే సమీనాకు అంతకన్నా వేరే బండి అక్కర్లేదు. చిక్కల్లా గద్వాలలో ఉంది. అక్కడ జానకమ్మ ఇంటి మేడ మీద గది కుదిరింది. పనీ కుదిరింది. కానీ జానకమ్మ మొదటి రోజే ఖరాఖండిగా చెప్పేసింది. బండి పెట్టుకో తల్లీ, నా మీటరు నుంచి తీగ మాత్రం లాగొద్దు అని. అందుకే ఈ టాపు మీద ఎండ, అందుకే ఈ నెల రోజుల పందెం.

"పెట్రోలు పోసుకొని తిరుగు. ఎవరు వద్దన్నరు?" అన్నాడు జుబేర్.

"గల్లీకొక ఇల్లు. పది అడుగులు పోవుడు, ఆగుడు. గట్ల పెట్రోలు తాగిస్తె నాకేం మిగులుతది? నెల నెలా నీ తాన చెయ్యి చాపాలె. అది నాకిష్టం లేదు."

"చాపితె తప్పేంది? అన్న తాన చాపినవ్, పరాయోని తాన కాదు గద."

సమీనా ప్లేటు మీద చేతులు ఇంకాస్త గట్టిగా ఆనించింది. నాగర్‌కర్నూల్ అత్తగారింటి నుంచి ఖులా అడిగి, విడాకులు తీసుకొని వచ్చినప్పటి నుంచి ఆమెకు ఈ ఇంట్లో దేనికీ లోటు జరగలేదు. అడిగింది వచ్చింది, అడగనిదీ వచ్చింది. అడగాల్సి రావడమే ఆమెకు బరువుగా ఉందని జుబేర్‌కు ఎలా చెప్పాలి? మంచివాడికి చెప్పడం మరీ కష్టం.

"రేపు అమరచింత నుంచి సామాన్ల పార్టీ ఉంది," జుబేర్ గొంతు తగ్గించాడు. "గద్వాల స్టేషన్ల దింపాలె. నువ్వు ఈడనే ఉంటె నీ బండి మీదనే ఆ కిరాయి తోలుత. టాపు మీద క్యారియర్ లేకపోతె ఆ మూటలన్నీ నా నెత్తిన పెట్టుకోవాల్నా? క్యారియరన్న ఉండాలె, ప్లేటన్న ఉండాలె. రెండిటికి జాగ లేదు."

"ఒక్కటి మాత్రం వింతగుంది భాయ్," అంది సమీనా, వేరే ఎక్కడో ఆలోచిస్తూ. "శుక్రవారం, జుమ్మా నాడు మంచిగ ఎక్కుతది. మిగిలిన దినాలల్ల ఎక్కదు. ప్రతి వారం గంతే."

"జుమ్మా బర్కత్ అనుకో, అల్లా దయ," అంది జైనబ్.

"బర్కత్ ఉంటె మంచిదే భాభీ. కాని ప్లేటుకు వారాలు తెల్వయి గద."

మంచం మీద బాబు మియా కదిలాడు. నులక కిర్రుమంది.

"బేటీ," అన్నాడు, "ఆగి ఉన్న బండికి గూడ ఎక్కుతదా గది?"

"ఎందుకెక్కదు అబ్బా? ఆగినప్పుడే ఎక్కువ ఎక్కుతది. ఎండల ఉంటె సాలు. ఏంది, గట్ల అడిగినవ్?"

"ఏం లేదు. ఊకనె అడిగిన."

ఊకనె అడిగిన మనిషికి అరచేతుల్లో చెమటలెందుకు పడతాయి? బాబు మియా చేతులు లుంగీకి తుడుచుకొని, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆయనకు తెలిసిన బండి జీపు. జీపు నడిస్తేనే బ్యాటరీ ఎక్కుతుంది, ఆగితే దిగుతుంది. ఆ లెక్క ఆయన ఎముకల్లో ఇంకిపోయింది. ఇది సోలారే గానీ ఇదీ బండే కదా అనుకున్నాడు; రోడ్డు మీద ఉరుకుతున్నప్పుడు ఎండ తాగుతుంది, ఆగినప్పుడు ఊరికే నిలబడుతుంది అనుకున్నాడు. నిలబడిన బండిని ఎండకు వదిలేయడం మటుకు ఆయన వల్ల కాదు. సీట్లు పగులుతాయి, టైర్లు ఉబ్బుతాయి, రంగు పోతుంది. అమరచింత రోడ్డు డ్రైవర్లలో ఆయన బండికున్నంత నిగనిగ ఇంకెవరి బండికీ ఉండేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అందుకే రోజూ పొద్దుటి రౌండు ముగించుకొని సమీనా బండిని వాకిట్లో నిలిపి, నడిచి క్లినిక్కుకు వెళ్ళగానే ఆయన లోపలి నుంచి బొంత తెచ్చేవాడు. పాత చీరలతో, పాత లుంగీలతో ఆయన భార్య కుట్టిన బొంత. ఒకప్పుడు జీపు మీద కప్పేవాడు. ఇప్పుడు దాన్ని కారు టాపు మీద పరిచి, నాలుగు మూలలూ లాగి, పైన రెండు రాళ్ళు పెట్టేవాడు. సాయంత్రం బిడ్డ వచ్చే వేళకు తీసి, దులిపి, మడిచి, తడిగుడ్డతో బండంతా తుడిచి ఉంచేవాడు. బిడ్డ బండి అద్దంలా ఉండాలని ఆయన ఆశ. చేసింది చెప్పుకునే అలవాటు లేదు.

ఇక జుమ్మా నాడు స్నానం, అత్తరు, మసీదు. నమాజయ్యాక పాత దోస్తు మద్దిలేటి కొట్లో కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవడు. ఆ రోజు బొంత కప్పేవాడు ఉండడు. బర్కత్ అంతా అక్కడుంది.

ఇదంతా ఆయన ఒక్క గుటకలో అర్థం చేసుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు.

ఎందుకంటే అప్పుడే సమీనా ప్లేటు మీది నుంచి చేతులు తీసేసింది.

"సరె భాయ్. విప్పుకో. మాట అంటె మాటే. జానకమ్మ సాయంత్రం ఫోన్ చేస్తనన్నది, రూము వేరేటోళ్ళకు ఇచ్చుకొమ్మని చెప్త."

జుబేర్ గెలిచాడు. గెలిచినవాడి ముఖం మాత్రం కాదు అది. స్టూలు దిగి, "ఇప్పుడే వద్దులే. వెల్డింగు దుకాణంల క్యారియర్ ఉంది, తీస్కొని వస్త. సాయంత్రం చూద్దాం," అంటూ చెప్పులు తొడుక్కున్నాడు. సమీనా రౌండుకు బయలుదేరింది. బాబు మియా చాయ్ చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి వాకిలి కాలిపోతోంది. బండి ఎప్పటిలాగే ఎండలో ఉంది. బాబు మియా ఎప్పటిలాగే బొంత తెచ్చి చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

ఈ ఒక్కరోజు కప్పితే చాలు. సాయంత్రం ప్లేటు విప్పుతారు, గద్వాల మాట అందరూ మరిచిపోతారు. సమీనా ఇక్కడే ఉంటుంది. రాత్రి అన్నం దగ్గర ఆయనతో వార్తల మీద వాదిస్తుంది, మందులేసుకోలేదని కసురుకుంటుంది, మోకాలు పట్టుకొని ఇట్ల లేపు అబ్బా, అట్ల దించు అబ్బా అంటుంది. భార్య పోయాక ఈ ఇంటికి మళ్ళీ గొంతొచ్చింది ఆ పిల్లతోనే. ఆ గొంతు గద్వాలకు పోతే ఆయనకు ఏం మిగులుతుంది? ఆయన నిజంగానే ఏడవబోయాడు.

"ఇయ్యాల కప్పుతలేరా మామూ?"

వెనక జైనబ్. ఆమె ఆయన చెల్లెలి కూతురే; కోడలై వచ్చినా మామూ అనే పిలుస్తుంది.

"నీకు తెల్సా?"

"దినాం చూస్తనే ఉన్న. సమీనానే కప్పుమన్నదేమో అనుకున్న. పొద్దున మీ మొఖం చూసినంక తెల్సింది."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"నేను చెప్తె మామ మీద కోడలు చాడీ చెప్పినట్టయితది. మీరు చెప్తె తండ్రి చెప్పినట్టయితది."

బాబు మియా బొంతను గుండెకు ఆనించుకున్నాడు. "ఆమె ఉంటె నీకు గూడ మంచిగనే ఉంటది గద."

జైనబ్ గుమ్మానికి ఆనుకొని, దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆడబిడ్డ పోతె కోడలికి పండుగ అనుకుంటరు గల్లీల. ఆమె పోతె నాతోని మాట్లాడెటోళ్ళెవరు మామూ? మీ కొడుకు బండ్లతోని మాట్లాడుతడు. మీరు మద్దిలేటితోని. నాకే ఎక్కువ బాధ."

"అందుకే అంటున్న..."

"అయినా పోవాలె. నాగర్‌కర్నూల్ నుంచి ఆమె వచ్చిన్నాడు ఈ గడపల నిలబడే గద మీరన్నరు, నా బిడ్డ ఎవరి దయ మీద బతకది అని. నేను లోపల ఏడ్సుకుంట విన్న. మీరు మర్చిపోయిండ్రు. ఆమె మర్చిపోలె."

అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెల చప్పుడు మామూలు కన్నా కొంచెం గట్టిగా వినిపించింది.

బాబు మియా బొంతను మడిచాడు. మంచం మీద పెట్టాడు. అంతటితో కూర్చుంటే బాగుండేది, కానీ డ్రైవరు కళ్ళు ఊరుకోవు. గోడ పక్క వేపచెట్టు నీడ మెల్లగా జరిగి ప్లేటు మూలను తాకుతోంది. మామూలుగా ఆ నీడ కోసం ఆయన బండిని వెనక్కి జరిపేవాడు. ఇవాళ మేకుకున్న తాళంచెవి తీసి, చప్పుడు లేని ఆ బండెక్కి, ముందుకు జరిపాడు. నీడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిపాడు. వాకిలి అయిపోయింది. ఇక లాభం లేదని రోడ్డు దాటించి, తిరుపతమ్మ ఇంటి ముందు ఖాళీ జాగాలో, ఒక్క పుల్ల నీడైనా లేని చోట నిలబెట్టాడు. తలకు తువ్వాల చుట్టుకొని పక్కన రాయి మీద కూర్చున్నాడు.

తిరుపతమ్మ తలుపు సందులోంచి చూసింది. "ఏంది బాబు మియా, బండిని ఎండబెడ్తున్నవా?"

"అవునమ్మా."

"తడిసిందా ఏంది?"

"నానిపోయింది. నెల దినాల సంది."

ముసలాయనకు ఎండ దెబ్బ తగిలిందనుకొని ఆమె చెంబెడు మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన వద్దనలేదు.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చారు. వాకిట్లో బండి లేకపోయేసరికి సమీనా గాబరా పడింది. జైనబ్ రోడ్డవతలికి చెయ్యి చూపించింది. జుబేర్ క్యారియర్‌ను గోడకు ఆనించి, జైనబ్ ఇచ్చిన పానా చేత పట్టుకొని చెల్లెలి వెంట నడిచాడు.

"ఇక్కడ పెట్టినవేందబ్బా? నువ్వు ఎండల కూసున్నవెందుకు? మొఖమంత కమిలింది," అంది సమీనా.

"నా మొఖం తర్వాత చూస్తువు. బండి ఎంత ఎక్కిందో చూడు."

ఆమె తలుపు తీసింది. లోపలి వేడి ముఖానికి కొట్టింది. ముందున్న తెర వెలిగించి చూసింది. కళ్ళు నులుముకొని మళ్ళీ చూసింది; రేపటి రౌండ్లకు సరిపోను ఎక్కింది. అలా వంగి ఎంతసేపటికీ లేవకపోయేసరికి జుబేర్ కూడా తల దూర్చాడు.

"గోడకు పెట్టినవా అబ్బా?" అన్నాడు అనుమానంగా.

"ఈడ గోడ ఏడుందిరా?"

ఇద్దరూ ఆయన వంక తిరిగారు. చెప్పాల్సిన మాటలు మధ్యాహ్నమంతా వరుసగా పేర్చుకున్నాడు బాబు మియా. తీరా చెప్పబోతే అన్నీ కలిసిపోయాయి.

"మీ అమ్మ బొంత ఉంది గద బేటీ. దినాం కప్పిన. నువ్వు పోంగనె కప్పి, వచ్చే ముంగట తీసిన. జీపు లెక్కనె అనుకున్న. నడిస్తేనే ఎక్కుతది అనుకున్న. జుమ్మా నాడు నేను ఇంట్ల ఉండ. గందుకే ఆ దినం ఎక్కింది."

జుబేర్‌కు ముందు నవ్వొచ్చింది. చెల్లెలి ముఖం చూసి మింగేశాడు.

"తెల్వకనే కప్పినవా అబ్బా?" అంది సమీనా. చాలా నెమ్మదిగా అడిగింది.

"నిన్నటి దాంక తెల్వకనే. పొద్దున నువ్వు చెప్పినంక తెల్సింది. తెల్సినంక గూడ నోరు మూసుకున్న. మధ్యాహ్నం బొంత పట్టుకొని మళ్ళ నిలబడ్డ." ఆయన తల వంచుకున్నాడు. "నువ్వు పోతవని భయమైంది."

సమీనా బండి తలుపు మెల్లగా మూసింది. బాబు మియా, ఆమె కొట్లాడినా బాగుండుననుకున్నాడు. చివరికి ఆమె వచ్చి తండ్రి తల మీది తువ్వాల తీసి, ముఖం తుడిచింది. అలా తుడుస్తుంటేనే ఆమె కళ్ళు నిండాయి.

"కప్పితివి సరె. కాని దినాం తుడిసినవ్ గద. దుమ్ము పట్టి ఉంటె ఇయ్యాల గింత ఎక్కకపోవు," అంది.

అంతటి మాటకు బాబు మియా ప్రాణం లేచొచ్చింది.

"ఒక్క దినం ఎక్కితె అయిపాయెనా?" జుబేర్ వదల్లేదు. "గిది ఎండకాలం. వానలు పడితె ఏం చేస్తవ్?"

"పెట్రోలు ఉంది గద భాయ్. గందుకే గద సగం సగం బండి కొన్నది. హైదరాబాద్ దాంక ఎండ మీద పోతనని నేనెన్నడన్న అన్ననా? గద్వాల గల్లీలు తిరిగొస్తె సాలు నాకు. ఎండ ఉన్నన్ని దినాలు ఎండ, లేని దినాలు పెట్రోలు. ఎవరి గోడకు పోయి అడిగేది లేకుంటె సాలు."

జుబేర్ బోల్టు వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. పానాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రేపటి మూటలు అతని కళ్ళ ముందు కదులుతున్నట్టున్నాయి.

అప్పుడే సమీనా ఫోను మోగింది. జానకమ్మ. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది సమీనా.

"ఏమ్మా, వస్తున్నవా లేదా? నీ కోసం పని గూడ చేయించిన," అంది జానకమ్మ, సంబరం ఆపుకోలేక. "తీగ ఇయ్యనన్న గాని, నాకు మనసు లేదనుకోకు. పాపం ఆడపిల్ల, బండి ఎండల పాడయితదని రేకుల షెడ్డు ఏయించిన. లోపల పెట్టినవంటె ఎండ ఒక్క సుక్క పడదు. బయట జాగ లేదిగ, అంత షెడ్డే."

జుబేర్ నోరు తెరుచుకొని ఉండిపోయాడు. సమీనా ఫోనును కిందికి దించి తండ్రి వంక చూసింది. నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకు తెలియడం లేదు.

బాబు మియా రాయి మీది నుంచి లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నా లెక్కచెయ్యలేదు. ఆ జానకమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు, కానీ ఆమె మనసు మాత్రం తన మనసంత బాగా తెలుసు.

"ఇటియ్యి బేటీ. ఆమెకు నేను చెప్త." ఫోను అందుకున్నాడు. "సలాం జానకమ్మా. నేను సమీనా తండ్రిని. నువ్వు మంచి పని చేసినవ్ తల్లీ, నేను గూడ నెల దినాలు గదే చేసిన. కాని మా బిడ్డ బండి ఎండలనే నిలబడాలె. జర ఆ రేకులు తీపిస్తవా?"

"ఏంది? మొన్ననే ఏయించిన గదయ్యా," అంది జానకమ్మ నమ్మలేనట్టు. "ఇప్పుడు వాటిని ఎవరు తీస్తరు?"

బాబు మియా కొడుకు చేతిలోని పానా వైపు చూశాడు. సమీనా కూడా చూసింది. రోడ్డవతల గడపలో నిలబడిన జైనబ్ కూడా అటే చూస్తోంది.

జుబేర్ అందరి ముఖాలూ ఒక్కసారి కలియజూశాడు. తండ్రి చేతిలోంచి ఫోను తీసుకొని గొంతు సవరించుకున్నాడు.

"రేపు నేను గద్వాల స్టేషన్ కాడికి వస్తున్నమ్మా," అన్నాడు. "ఆ షెడ్డుకు బోల్టులున్నయా, వెల్డింగు పెట్టించిండ్రా?"

"ఆగు నాయనా, లైటేసి చూస్త," అంది జానకమ్మ.

చెప్పుల చప్పుడు దూరమైంది. నలుగురూ ఆమె జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.